వీధికొక పేరు, ఇంటికొక సంఖ్య

మనము నిత్యము వాడుచున్న 'చిరునామా' అను మాట పారసీకము నుండి ఉర్దూ ద్వారా తెలుగునకు వచ్చినది. 'సర్' అనగా తల. 'నామా' అనగా లేఖ. లేఖకు తలకట్టుగా వ్రాయునది 'సర్‌నామా'. అదియే తెలుగువారి నోట చిరునామా అయినది. ఉర్దూలో దీనికే మరియొక మాట 'పతా'. ఈ మాటకు జాడ అనియు, ఎరుక అనియు కూడ అర్థములు కలవు. పతా లేనివాడనగా జాడ తెలియనివాడు. ప్రభుత్వపు లెక్కలకు గాని, ఉత్తరము తెచ్చు తపాలా ఉద్యోగికి గాని, ఆపదవేళ వచ్చు వాహనమునకు గాని జాడ తెలియక మిగిలిపోవు కుటుంబములు మన మధ్య ఎన్నియో కలవు. దేశమంతటికి పనికివచ్చు చిరునామా పద్ధతి ఎట్లుండవలెనో, దానిని ఎవరు కాపాడవలెనో మన మూడు పట్టణముల ఉదాహరణలతో విద్యార్థులకు తెలుపుట మా ఉద్దేశము.

ఆరు అంకెల కథ

ఒకే పేరుగల గ్రామములు, పలు భాషలు, పలు లిపులు గల దేశము మనది. కొత్తపల్లి, రామాపురము వంటి పేర్లు ఎన్ని జిల్లాలలో లేవు? ఈ చిక్కును తీర్చుటకు తపాలా శాఖ 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ పద్ధతిని ప్రవేశపెట్టినది. దీనిని రూపొందించిన శ్రీరాం భికాజీ వేలంకర్ కేంద్ర ప్రభుత్వములో ఉన్నతాధికారి. సంస్కృత కవి కూడ. దేశమును ఎనిమిది ప్రాంతీయ మండలములుగా విభజించి, తొమ్మిదవ సంఖ్యను సైనిక తపాలాకు కేటాయించిరి.

జగిత్యాల పిన్‌కోడ్ 505327. కోరుట్లది 505326. సిరిసిల్లది 505301. వీనిలో మొదటి 5 దక్షిణ మండలమును, 50 తెలంగాణమును, 505 కరీంనగర్ కేంద్రముగా గల తపాలా విభాగమును సూచించును. చివరి మూడంకెలు ఉత్తరమును బట్వాడా చేయు తపాలా కార్యాలయమునవి.

ఇందొక విశేషము గమనింపదగినది. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరినది. జిల్లాలు మారినను ఈ మూడు పట్టణముల పిన్‌కోడులు మారలేదు. పరిపాలనా సరిహద్దులు మారినప్పుడెల్ల మారిపోవు చిరునామా, చిరునామాయే కాదు. స్థిరత్వము దాని మొదటి గుణము.

పది అక్షరముల కథ

2025 మే నెలలో తపాలా శాఖ 'డిజిపిన్' అను క్రొత్త సంకేతమును ప్రజలకు అందుబాటులోనికి తెచ్చినది. హైదరాబాదులోని ఐ.ఐ.టి., జాతీయ దూరసంవేదన కేంద్రము దీని రూపకల్పనలో పాలుపంచుకొన్నవి. దేశమంతటిని కప్పు ఒక పెద్ద చతురస్రమును పదునారు గళ్లుగా విభజించి, గడికొక అంకెనో ఆంగ్లాక్షరమునో ఇచ్చిరి. ఆ గడిని మరల పదునారుగా, ఇట్లు పదిసారులు విభజింపగా, సుమారు నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల చిన్న గడి మిగులును. దాని పది అక్షరముల సంకేతమే డిజిపిన్. పొలములోని మోటారుకు, ఊరిచివరి గుడిసెకు కూడ దీనివలన ఒక గుర్తు లభించును. ఇది గొప్ప సౌకర్యము. అయితే అది నేలను చెప్పునే గాని అంతస్తును చెప్పదు. చోటును చూపునే గాని అందున్న ఇంటిని, ఇంటిలోని కాపురములను లెక్కింపదు.

నడుమ తెగిన లంకె

పిన్‌కోడ్ మనలను ఊరివరకు తెచ్చును. డిజిపిన్ నాలుగు మీటర్ల నేలను చూపును. ఈ రెంటి నడుమ ఉండవలసినది వీధి. మన పద్ధతిలో బలహీనమైనది అదియే.

4-2-85/ఎ అను ఇంటిసంఖ్యను ఊహింతము. సాధారణముగా మొదటిది వార్డు, రెండవది బ్లాకు, మూడవది ఇల్లు, గీత తరువాతిది విభాగము. ఇందు వీధి పేరేలేదు. పైగా ఇంటిసంఖ్యలోని వార్డు, ఎన్నికల వార్డు ఒకటియే కానక్కరలేదు. అందుచేత మనము సంఖ్యను వ్రాసి ఊరకుండక 'మసీదు వెనుక', 'వేపచెట్టు ఎదురుగా' అని చేర్చుచున్నాము. చెట్టు కూలినచో చిరునామా కూడ కూలును. నిజమునకు మన చిరునామాల పుస్తకము వృద్ధుడైన తపాలా ఉద్యోగి జ్ఞాపకమే. ఆయన పదవీ విరమణ చేసిననాడు ఆ పుస్తకమును ఆయనతో వెడలిపోవును.

దీని నష్టము అందరికంటె పేదలకే అధికము. సిరిసిల్లలో అద్దెగదులలో నివసించు మరమగ్గముల కార్మికులు, కోరుట్ల, జగిత్యాలలో బీడీలు చుట్టు స్త్రీలు, గల్ఫు దేశములకు భర్తలను పంపి ఇల్లు నడుపుకొను ఇల్లాండ్రు – వీరికి ఓటు, రేషన్ కార్డు, పింఛను, బ్యాంకు ఖాతా అన్నియు చిరునామాతోనే ముడిపడియున్నవి. ఒకే సంఖ్యపై నాలుగు కాపురములున్నచోట మూడు కాపురములు లెక్కకు రాక పోవచ్చును. 2005 ఆగస్టు 15న నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన 108 వాహనము గల్లీ మొదటికి వచ్చియు ఇల్లు తెలియక నిలిచినచో, ఆ నిమిషములకు వెల కట్టగలవారెవరు?

రూపకల్పన

ఇతర దేశములు ఈ సమస్యను ఎట్లు ఎదుర్కొన్నవి? పారిస్ నగరమున 1805లో వీధికి ఒకవైపు బేసి సంఖ్యలు, మరొకవైపు సరి సంఖ్యలు ఇచ్చు ఏర్పాటు చేసిరి. సేన్ నదిని ప్రమాణముగా గైకొని సంఖ్యలు ఎచ్చట మొదలగునో నిర్ణయించిరి. దక్షిణ కొరియాలో దీర్ఘకాలము మన సర్వే నంబరు వంటి భూఖండ సంఖ్యయే చిరునామాగా ఉండెను. భూమి ముక్కలైనకొలది సంఖ్యల వరుస తప్పినది. వారు వీధి పేరు, దూరమును బట్టి ఇంటిసంఖ్య అను పద్ధతికి మారిరి. కొంతకాలము రెండును వాడుకలో నుంచి, 2014 జనవరి 1 నుండి క్రొత్తదానిని స్థిరపరచిరి. అచట ఇరువది మీటర్లకు ఒక మెట్టు. ఎడమ బేసి, కుడి సరి. సంఖ్యను పదితో హెచ్చించినచో వీధి మొదటినుండి ఆ ఇంటికి గల దూరము సుమారుగా మీటర్లలో తెలియును. నడుమ క్రొత్త ఇల్లు వెలసినను వరుస చెడదు.

మనకును ప్రమాణముగా గైకొనదగినవి లేకపోలేదు. సిరిసిల్లకు మానేరు కలదు. కోరుట్ల, జగిత్యాలల గుండా పోవు 63వ జాతీయ రహదారి కలదు. వీని వైపు నుండి ప్రతి వీధికి మొదలు నిర్ణయించి సంఖ్యలు వేయవచ్చును.

నిర్వహణ

సంఖ్యలు వేయుట ఒకనాటి పని. కాపాడుట నిత్యపు పని. ఇందుకు ఐదు నియమములు అవసరమని మా అభిప్రాయము.

ఒకటి: ప్రతి వీధికి స్థిరమైన సంకేత సంఖ్య, దానికి తోడుగా పేరు ఉండవలెను. పేరు మారినను సంకేతము మారరాదు.

రెండు: పేరును తెలుగు, ఉర్దూ, ఆంగ్ల లిపులలో ఒకే విధముగా నిర్ణయించి వ్రాయవలెను. ఒక కాగితమున వాడ, మరొక కాగితమున మొహల్లా అని ఉన్నచో కార్యాలయములలో అవి రెండు చోటులగును.

మూడు: అద్దె భాగములకు, పై అంతస్తులకు, పట్టాలేని ఇండ్లకు కూడ సంఖ్య ఇవ్వవలెను. చిరునామా యాజమాన్యమునకు ఋజువు కాదు. నివాసమునకు గుర్తు మాత్రమే.

నాలుగు: పాత సంఖ్య, క్రొత్త సంఖ్య పక్కపక్కన చూపు పట్టిక ఉండవలెను. చెన్నైలో 'పాత నంబరు, క్రొత్త నంబరు' అని నేటికిని రెండును వ్రాయవలసి వచ్చుచున్నదన్న, మార్పు ఎంత కష్టమో గ్రహింపవచ్చును.

ఐదు: పురపాలక సంఘము, తపాలా శాఖ, విద్యుత్ శాఖ, ఎన్నికల అధికారులు ఒకే జాబితాను వాడవలెను. దానిని దిద్దు బాధ్యత ఒక్క కార్యాలయముపై నుండవలెను. అందరి పని ఎవరి పనియు కాదు.

మన కర్తవ్యము

ఇది ప్రభుత్వము పనియే గాని మన పని కాదని విద్యార్థులు తలపరాదు. జాతీయ సేవా పథకము శిబిరములలో ఒక వాడను ఎన్నుకొని, అందలి గల్లీల పేర్లను పెద్దలనడిగి మూడు లిపులలో వ్రాసి, సంఖ్య లేని ఇండ్లను గుర్తించి, పట్టికను పురపాలక కార్యాలయమునకు అందజేయవచ్చును. ఉర్దూ, తెలుగు రెండును చదువగల మన విద్యార్థులకు ఈ పని ఇతరులకంటె సులభము. ఇందుకు కళాశాల కార్యవర్గము అనుమతిని, ప్రోత్సాహమును ఒసగునని ఆశింతుము. ఒక్క గల్లీతో ఆరంభించినను చాలును. అచటి ముసలి తల్లికి పింఛను కాగితము తప్పక చేరినచో, మన చదువు ఒక ఇంటికైనను పనికివచ్చినదగును.