ట్రాక్టరుకు పంపు ఒక్కటే – పనులు మూడు

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో వరిగడ్డి, వేరుశనగ కట్టె, దిబ్బ ఎరువు తోలే ట్రాక్టర్లు ఎన్నో. వీటిలో కొన్నింటికి ఇంజను తిప్పే హైడ్రాలిక్ పంపు ఒక్కటే. పవర్ స్టీరింగు, వెనుక లిఫ్టు, ట్రైలరును ఎత్తే జాకీ – మూడింటికీ ఆ పంపే ఆయిలు అందించాలి.

ఒక బోరు నీటిని మూడు మళ్లకు పారించినట్లే ఇదీ. ముందు స్టీరింగుకు చాలినంత ఇచ్చి, మిగిలినది తక్కిన పనులకు వదిలే వాల్వు ఇందులో ఉంటుంది. అందువల్ల స్టీరింగు తిప్పేటప్పుడు లిఫ్టు కొంత మందగించవచ్చు. అంతమాత్రాన పంపు చెడిందని భయపడనక్కరలేదు.

సభ్యులు గమనించవలసినవి:

1. ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. డీజిలు ఆదా అవుతుందని పల్లపు దారిలో ఇంజను ఆపరాదు.

2. జాకీలోకి పోయేది ట్రాక్టరు ఆయిలే. ట్రైలరు ఎత్తకముందే ఆయిలు మట్టం చూడండి. ఆయిలు తగ్గితే పంపు గాలి పీల్చి పాడవుతుంది.

3. గొట్టం పగిలితే ఎత్తిన ట్రైలరు ఒక్కసారిగా పడుతుంది. గట్టి ఆధారం పెట్టనిదే దాని కిందికి ఎవరూ పోరాదు, పిల్లలను దగ్గరకు రానీయరాదు.

4. గొట్టం కారుతున్నదేమో చేతితో తడమకండి. ఒత్తిడితో చిమ్మే ఆయిలు చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి.

ట్రాక్టరు నడిపేవారికి ఈ నాలుగు సంగతులూ చదివి వినిపించండి.