బడి తెరచిన తొలి పక్షము

వేసవి సెలవుల పిమ్మట మన రాష్ట్రమున బడులు సాధారణముగా జూన్ 12వ తేదీ ప్రాంతమున తెరువబడును. తలుపులు తెరచినంత మాత్రమున బడి నిండదు. పిల్లలు మరల చదువు దారిని పడుటకు తొలి పదిహేను దినములే ముఖ్యము. ఆ పక్షమున పంచాయతీ సభ్యులు చేయదగిన పనిని మనము విచారింతము.

ఉక్కునగరమునకు ప్రక్కనే గల ఉక్కు కర్మాగారమున బొగ్గును కోకుగా మార్చు పెద్ద పొయ్యిలున్నవి. అట్టి క్రొత్త పొయ్యిని ఒక్కనాడే వేడి చేయరు. చేసినచో లోపలి ఇటుకలు పగులును. వారముల తరబడి కొద్దికొద్దిగా వేడి పెంచుదురు. పిల్లల దినచర్యయు నట్టిదే. సెలవులలో ప్రొద్దెక్కి లేచిన బిడ్డను ఒక్క ఉదయమున గద్దించి లేపిన ఫలము లేదు. రోజునకు పావుగంట ముందుగా పరుండబెట్టినచో నాలుగు దినములలో గంట కలిసివచ్చును.

అయితే నిద్ర ఒక్కటియే అడ్డంకి కాదు. తూర్పు తీరమున యంత్రపు పడవల వేటపై ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు నిషేధముండును. కనుక పూడిమడక, ముత్యాలమ్మపాలెము వంటి తీరగ్రామములలో బడి తెరచుటయు, వేట మొదలగుటయు ఇంచుమించు ఒక్కమారే వచ్చును. తల్లి గంప నెత్తుకొని వేకువనే బయలుదేరిన ఇంట తమ్ముని చూచుకొను భారము పెద్దపిల్లపై పడును. మెట్ట పల్లెలలో తొలకరి పనులును అంతే. ఒకనాటి మానుడు పది దినములగును. పాఠము అందక పిల్ల సిగ్గుపడును. పిదప బడి ముఖమే చూడదు.

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ప్రకారము 6 నుండి 14 ఏండ్ల పిల్లల చేరికను, హాజరును, చదువు పూర్తియగుటను గమనించుట స్థానిక సంస్థల విధి. కావున సభ్యులు ఈ క్రింది పనులు చేయవలెను:

1. బడి తెరచిన వారమునకు ప్రధానోపాధ్యాయునితో కూర్చుండి హాజరు పట్టీని చూడవలెను.

2. రాని పిల్లల ఇండ్లకు ఆ సాయంకాలమే పోవలెను. నిందింపక కారణ మడుగవలెను.

3. తమ్ముని కొరకు ఆగిన పిల్ల యున్నచో, మూడేండ్లు నిండిన ఆ బిడ్డను అంగన్‌వాడీకి పంపు ఏర్పాటు చేయవలెను.

4. వలస నుండి వచ్చిన పిల్లలను బదిలీ పత్రము లేదని త్రిప్పి పంపరాదు. చట్టము దానిని అంగీకరింపదు.

రహదారి పని వచ్చే ఏటికి వాయిదా వేయవచ్చును. బిడ్డ చదువునకు మాత్రము ఆ వీలు లేదు. ఈ పక్షము దాటకముందే మీ వార్డులోని ఖాళీ పేర్లను లెక్కింపుడు.