ఓజోను వాయువు: వైరసుల సంహారము

విద్యార్థులారా! విద్యుద్యంత్రములలో నిప్పురవ్వలు లేచునప్పుడు ఒక ఘాటైన వాసన వచ్చుటను మీలో కొందరు గమనించియే యుందురు. ఆ వాసనకు కారణము ఒక ప్రత్యేక పదార్థమని 1840లో స్విట్జర్లండు దేశమందలి బాసెల్ నగరమున షోన్‌బైన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు గ్రహించి, దానికి ఓజోను అని పేరిడెను. ‘వాసన వచ్చుట’ అను అర్థము గల గ్రీకు మాట నుండి ఈ పేరు పుట్టినది.

మనము పీల్చు ప్రాణవాయువు యొక్క అణువునందు రెండు పరమాణువులుండును. ఓజోను అణువునందు మూడుండును. ఈ మూడవది స్థిరముగా నిలువక, తగిలిన పదార్థముతో కలియుటకు త్వరపడును. వైరసునకు మాంసకృత్తుల తొడుగు కలదు. కొన్నింటికి దానిపై కొవ్వుపొరయు కలదు. ఓజోను వీనిని ఆక్సీకరించి చెడగొట్టును. తొడుగు చెడిన వైరసు మన జీవకణములలో ప్రవేశింపజాలదు.

ఈ గుణమును ముందుగా నీటిశుద్ధికి వినియోగించిరి. ఫ్రాన్సు దేశమందలి నీస్ నగరమున 1906 నుండియే త్రాగునీటిని ఓజోనుతో శుద్ధిచేసిరి. నేడు అంగళ్లలో అమ్ము సీసానీటికిని ఓజోను పట్టుట కలదు. పని ముగిసిన పిదప అది నీటిలో మిగులక తిరిగి ప్రాణవాయువుగా మారును.

2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించినప్పుడు ఇండ్లలోని గాలిని ఓజోనుతో శుద్ధిచేయు యంత్రముల ప్రకటనలు వెలువడినవి. అట్టి యంత్రమును పిల్లలు చదువుకొను గదిలో నుంచవచ్చునా యని కొందరు తలిదండ్రులు మమ్మడిగిరి. ఉంచరాదనియే మా సమాధానము.

వైరసు పొర యేది, మన ఊపిరితిత్తుల పొర యేది అను వివేచన ఓజోనునకు లేదు. అది దగ్గు, గొంతు మంట, ఆయాసము కలిగించును. ఉబ్బసము గలవారికి మరింత కీడు. అమెరికాలో 8 గంటల పనివేళకు విధించిన పరిమితి కోటిపాళ్ల గాలిలో 1 పాలు మాత్రమే. 2020లో జపాను శాస్త్రజ్ఞులు, అంతే మోతాదు గల ఓజోనును మిక్కిలి తేమగాలిలో 10 గంటలు ఉంచినచో కరోనా వైరసు శక్తి చాలవరకు నశించునని కనుగొనిరి. కాని ప్రక్కవాడు దగ్గిన తుంపరలు మనలను చేరుటకు 10 గంటలు పట్టునా? త్వరగా చంపవలెనన్న మోతాదు పెంచవలెను; పెంచినచో ఆ గాలి మనుష్యులు పీల్చదగినది కాదు.

కావున గాలిలో ఓజోనును వాడవలసివచ్చినచో, మనుష్యులు, పశువులు లేని మూసిన గదిలో, తెలిసినవారు మాత్రమే వాడవలెను. పిదప కిటికీలు తెరచి, వాయువు పూర్తిగా పోయిన తరువాతనే లోనికి పోవలెను. వాసన లేదు గదా యని ధైర్యపడరాదు. ముక్కు ఆ వాసనకు త్వరలో అలవాటుపడును.

మన యిండ్లకు తెరచిన కిటికీ, సబ్బు, నీరు చాలును. వీనికి ఖర్చు స్వల్పము, అపాయము లేదు.

ప్రశ్నలు:
1. ఓజోను వైరసును ఎట్లు చెడగొట్టును?
2. నీటిశుద్ధికి తగిన ఓజోను మనమున్న గదికి ఏల తగదు?