బలమైన గుర్రానికి తగిన కళ్లెం

గుర్రం నోటిలో ముందుపళ్లకూ దవడపళ్లకూ నడుమ పళ్లు లేని చోటు ఒకటి ఉంటుంది. కళ్లెపు కడ్డీ ఆనేది అక్కడే. పలుచని చిగురు కింద వెంటనే ఎముక ఉన్నందున ఆ చోటు మిక్కిలి సున్నితం. పగ్గాలకు లొంగక దూసుకుపోయే గుర్రానికి కటువైన కళ్లెం వేయాలని రౌతుకు తోచడం సహజం. కాని నొప్పిని తప్పించుకోజూచి అది తరచు మరింత బలంగా లాగుతుంది. అప్పుడు రౌతు ప్రాణానికే ముప్పు.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు సేనాని, రచయిత జెనొఫోన్ అశ్వారోహణంపై ఒక గ్రంథం రచించాడు. రౌతు వద్ద కనీసం రెండు కళ్లేలుండాలని అందులో చెప్పాడు. ఒకటి నున్ననిది, రెండవది ముళ్ల వంటి మొనలు గలది. మొనలకు వెరచి కడ్డీని పళ్లతో పట్టడం మానిన గుర్రం, పిమ్మట నున్ననిదానికీ లొంగుతుందని ఆయన భావన. మొనల మాట నేడు ఎవరికీ రుచించదు. అయితే కళ్లెం బిరుసుగా ఉండరాదన్న మాటలో మంచి పరిశీలన ఉంది. వంగని కడ్డీని గుర్రం దవడల నడుమ బిగించి పట్టగలదు. గొలుసువలె కదిలేదాన్ని ఒకచోట పట్టినా మిగిలినది జారిపోతుంది.

కళ్లెం మార్చడానికి ముందు పశువైద్యునిచేత పళ్లు పరీక్ష చేయించాలి. వాడిదేరిన పంటి అంచు బుగ్గను కోస్తున్నా గుర్రం ఇలాగే లాగుతుంది.