చంకలో చంటిది, కొంగు పట్టుకుని పెద్దోడు

ఒక్క బిడ్డ ఉన్నప్పుడు పనికి ఊపిరాడట్లేదనుకుంటాం. రెండో బిడ్డ పుట్టాక తెలుస్తుంది, అప్పుడెంత తీరిగ్గా ఉన్నామో! నా లెక్క మాత్రం ఒక్కటే. ముందు పెద్దోడిని సర్దుకుంటే చిన్నదాని పని సగం తగ్గుతుంది. కరీంనగర్ ఎండల్లో, ఆదిలాబాద్ చలిలో ఇద్దరు పిల్లలున్న ఇళ్లకు పనికొచ్చేవే ఇక్కడ చెబుతున్నా.

1. కాన్పుకు తల్లిగారింటికి పోయేటప్పుడు మీ బట్టల కన్నా ముందు పెద్దోడి దుప్పటి, వాడు రోజూ తాగే గ్లాసు, బడి సంచి సర్దండి. కొత్త చోట పాత వస్తువులు కనబడితే వాడు రాత్రిళ్లు లేచి ఏడవడు, పసిదాని నిద్రా చెడదు.

2. అక్కడ నెలా రెండు నెలలు ఉండేటట్టయితే పెద్దోడిని ఆ ఊరి అంగన్‌వాడీకి అలవాటు చేయండి. మూడేళ్లు దాటిన పిల్లలకు పూట అన్నం, గుడ్డు అక్కడే పెడతారు, మీకు కాస్త నడుం వాల్చే వేళ దొరుకుతుంది.

3. ఇరవై ఒకటో రోజు తొట్టెలకు వచ్చేవాళ్లందరూ చిన్నదానికే బట్టలు, పట్టగొలుసులు తెస్తారు. పది ఇరవై రూపాయల బొమ్మలు, రంగు పెన్సిళ్లు నాలుగైదు ముందే కొని బీరువాలో దాచి, చుట్టాలు వచ్చినప్పుడల్లా ఒకటి పెద్దోడి చేతిలో పెట్టండి. "చెల్లె నీకోసం తెచ్చింది" అని మాత్రం చెప్పకండి, పిల్లలు మనం అనుకున్నంత అమాయకులేం కారు.

4. "ఇగ నీకు అమ్మ లేదు, అమ్మ చెల్లెదే" అని పిల్లగాడిని ఆటపట్టించేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. అత్తగారైనా సరే, అక్కడికక్కడే నవ్వుతూ ఆపేయండి. లేకపోతే ఆ మాట మనసులో పెట్టుకుని పక్క తడిపే పిల్లలున్నారు, ఆ దుప్పట్లు ఉతికేది మనమే.

5. పాలిచ్చే వేళకు ఒక బుట్ట ప్రత్యేకంగా పెట్టండి. అందులో పలక, బలపం, ఒక బొమ్మల పుస్తకం ఉండాలి, మిగతా వేళల్లో అది అటక మీదే. చెల్లె పాలు తాగితే తనకు బుట్ట దిగుతుందని తెలిశాక, పాలిచ్చే టైమైందని పెద్దోడే గుర్తుచేస్తాడు.

6. పాలకు కూర్చునే ముందు చెంబెడు నీళ్లు, పెద్దోడి అన్నం తల్లె, మీరు తినేదేదైనా చేతికందే దూరంలో పెట్టుకోండి. ముగ్గురి కడుపులూ ఒక్క కూర్చోడంలో నిండుతాయి.

7. పెద్దోడికి ఒక ఉద్యోగం ఇవ్వండి: పొత్తిగుడ్డ తేవడం, తడిసిన గుడ్డ బకెట్లో వేయడం. చెల్లెను ఎత్తుకుంటానంటే నేల మీద గోడకానుకుని కూర్చోబెట్టి, ఒళ్లో దిండు వేసి, మీ చెయ్యి అడుగున ఉంచి పడుకోబెట్టండి. వద్దని కసిరితే మీరు వంటింట్లో ఉన్నప్పుడు ఎత్తుకుంటాడు.

8. పొత్తిగుడ్డలకు పైసా ఖర్చు పెట్టకండి. ఉతికి ఉతికి మెత్తబడిన అయిదున్నర మీటర్ల నూలు చీరను పన్నాలో రెండుగా, పొడవులో పదిగా కోస్తే ఇరవై గుడ్డలు. బతుకమ్మ చీరలు దాచుకున్నవాళ్లు వాటి జోలికి పోవద్దు, పాలిస్టర్ తడి పీల్చదు.

9. తడిసిన గుడ్డలకు ఒక బకెట్, దొడ్డికి పోయిన గుడ్డలకు ఇంకో బకెట్. ముందు ఉత్త నీళ్లలో జాడించి తర్వాత సబ్బు పెడితే సబ్బు సగమే పడుతుంది, వాసనా ఉండదు.

10. డైపర్ రాత్రికి, ప్రయాణానికి మాత్రమే. రోజుకు అయిదారు వాడే ఇంట్లో ఒకటి రెండుతో సరిపోతుంది, పిల్ల తొడలు కందవు.

11. ముసురు పట్టిన రోజుల్లో గుడ్డలు గట్టిగా పిండి ఫ్యాన్ కింద దండెం మీద వేసి, చివరి తేమ ఇస్త్రీ పెట్టెతో తీయండి. పొయ్యి మీద ఆరబెట్టే పని పెట్టుకోవద్దు, పొగ వాసన గుడ్డకు పట్టేస్తుంది, నిప్పు భయం సరేసరి.

12. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వైపు బొగ్గు పొడి సంగతి అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. పిల్లల చొక్కాలు తిరగేయకుండా ఆరేసి, మీద పలుచటి చీర కప్పండి. పొడి పైనే ఆగుతుంది, ఒంటికి తగిలే వైపు శుభ్రంగా ఉంటుంది.

13. ఇంటాయన సింగరేణిలో నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటే, ఆ వేళకే పిల్లలిద్దరినీ తీసుకుని అంగన్‌వాడీకో పక్కింటికో కూరగాయలకో బయల్దేరండి. ఇంట్లో ఉండి "చప్పుడు చేయకు" అని పెద్దోడిని వందసార్లు అదిలించే శ్రమ తప్పుతుంది.

14. సిరిసిల్లలో సాంచాల చప్పుడుకే పిల్లలు హాయిగా నిద్రపోతారు. పసిది పడుకుందని పగటిపూట ఇల్లంతా గుసగుసలాడకండి. గిన్నెల చప్పుడుకు, అన్న కేకలకు మొదటి నెల నుంచే అలవాటైతే ముందుముందు మీకే సుఖం.

15. స్నానం బకెట్లో ముందు చన్నీళ్లు, ఆ తర్వాత వేడినీళ్లు పోయండి. మీరు టవల్ కోసం తిరిగిన క్షణంలో పెద్దోడు చెయ్యి పెట్టినా కాలదు. వేడి చూడ్డానికి మోచెయ్యే మేలు, పనులు చేసి మన అరచేతులు ఎప్పుడో మొద్దుబారాయి.

16. ఆదిలాబాద్ చలికాలంలో పొద్దున్నే నీళ్లు పోయడం మానేసి, ఎండ వాకిట్లోకి వచ్చాక పదకొండింటికి పోయండి. ముందు చిన్నదానికి, అదే ఊపులో పెద్దోడికి పోస్తే ఒక్కసారి కాచిన నీళ్లు ఇద్దరికీ సరిపోతాయి.

17. చలి ఎంత ఉన్నా తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. బొగ్గు వాయువుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాని బదులు పాత చీరల బొంత కింద ఒకటి పరిచి, పిల్లకు మీకన్నా ఒక వరుస బట్ట ఎక్కువ వేయండి.

18. సాంబ్రాణి పొగ పిల్ల మొహానికి పట్టకండి, ముక్కు మూసుకుపోయి రాత్రంతా పాలు తాగదు. తల తడి ఆరడానికి పొడి నూలు గుడ్డ చాలు. పెద్దవాళ్లు వినకపోతే పక్క గదిలో వేసుకోమనండి, ఇల్లంతా వాసన వస్తుంది, వాళ్ల ముచ్చటా తీరుతుంది.

19. కాటుక కంట్లో వద్దు, అరికాలికో చెవి వెనకకో ఒక చుక్క పెట్టండి. దిష్టి అక్కడినుంచీ పోతుంది.

20. కరీంనగర్ మే నెల ఎండైనా సరే, ఆరు నెలల లోపు పిల్లకు నీళ్లు పట్టొద్దు, తల్లిపాలే దాహం తీరుస్తాయి. "గొంతు ఎండుతుంది, చెంచాడు పోయ్" అనే పెద్దమ్మలకు ఆ చెంచా బదులు మీకే మజ్జిగ ఇమ్మని చెప్పండి, చెంబు నిండా.

21. కూలర్ గాలి సూటిగా పిల్ల మీదికి కాకుండా గోడ వైపు తిప్పి, కిటికీ తెరిచి ఉంచండి. 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లో ఇచ్చిన చిన్న దోమతెర ఎవరింట్లోనైనా మూల పడి ఉంటే అడిగి తెచ్చుకోండి, మిద్దె మీద పడుకునే రాత్రులకు బాగా పనికొస్తుంది.

22. మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు, అంటే సరిగ్గా చిన్నది పడుకునే వేళకు పెద్దోడు ఎండలోంచి దూకుతాడు. గడప దగ్గరే ఒక బకెట్ నీళ్లు, మజ్జిగ గ్లాసు, గుడాల గిన్నె సిద్ధంగా పెట్టండి. కాళ్లు కడుక్కుని, తాగి, తినేసరికి ఉరుకులాట తగ్గుతుంది, మీరు అరవాల్సిన పని ఉండదు.

23. ఆరు నెలలు నిండాక ఉగ్గు పిండి ఇంట్లోనే పట్టండి. మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పెసరపప్పు దోరగా వేయించి రవ్వలా పట్టి, పదిహేను రోజులకు సరిపడా మాత్రమే చేసుకోండి. అదే రవ్వలో క్యారెట్, ఆలుగడ్డ వేసి పోపు పెడితే పెద్దోడికి ఉప్మా.

24. జొన్న గట్క, తైద జావ వండే ఇళ్లలో చంటిదానికి వేరే పొయ్యి ఎందుకు? ఉప్పు వేయకముందే చిన్న గిన్నెడు తీసి, పప్పు నీళ్లతో మెత్తగా మెదిపి పెట్టండి. గ్యాసు మిగులు, మనం తినే రుచి దానికీ అలవాటు.

25. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా నెలకు రెండున్నర కిలోల బాలామృతం, గుడ్లు ఇస్తారు, బద్ధకించకుండా తెచ్చుకోండి. అందులో చక్కెర ముందే ఉంటుంది, మళ్లీ వేయకండి. స్టీలు డబ్బాలో పోసి మూత గట్టిగా పెడితే పురుగు పట్టదు, పెద్దోడు పిడికిళ్లతో బుక్కడం కూడా తగ్గుతుంది.

26. బాలింతకు కూడా అక్కడ ఆరోగ్యలక్ష్మి కింద పూట భోజనం, గుడ్డు, పాలు ఉన్నాయి, 2015 నుంచి ఇస్తున్నారు. "మనం పోయి తినుడేంది" అని సిగ్గుపడేవాళ్లను చూశాను. వండే పని లేకుండా వేడి అన్నం దొరుకుతుంటే సిగ్గెందుకమ్మా?

27. పల్లీలు, పుట్నాలు, మక్క పేలాలు పెద్దోడికి పీట వేసి ఒకే చోట కూర్చోబెట్టి పెట్టి, తినగానే ఊడ్చేయండి. పాకే పిల్ల గొంతులో గింజ ఇరుక్కుంటే చాలా ప్రమాదం, అన్నయ్య ప్రేమగా పెట్టేదీ అదే గింజ. వాడికి పెట్టాలని ఉంటే మెదిపిన అరటిపండు గిన్నె, చెంచా చేతికివ్వండి.

28. ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు, వస అరగదీయొద్దు. ఇందులో బేరాల్లేవు.

29. బీడీలు చుట్టే అక్కలకు ఒక మాట. చాట పక్కన పెట్టి పిల్లను తీసుకునే ముందు సబ్బుతో చేతులు కడిగి, పైన వేసుకున్న పాత చొక్కా విప్పేయండి. తంబాకు సంచి, కత్తెర పెద్దోడికి అందని ఎత్తులో మేకుకు తగిలించండి, చాట ముందు కూర్చుని ఆడుకునే అలవాటు అసలు చేయొద్దు.

30. జగిత్యాల, నిర్మల్ వైపు చాలా ఇళ్లలో నాన్న గల్ఫ్‌లో ఉంటాడు. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, సౌదీ, కువైట్, ఖతార్ రెండున్నర గంటలు వెనక. ఆయన డ్యూటీ దిగే వేళ చూసి రోజూ ఒకే టైముకు వీడియో కాల్ పెట్టుకోండి. ముందు పది నిమిషాలు పెద్దోడితోనే మాట్లాడాలని ఆయనకు గట్టిగా చెప్పండి. ఫోన్ తెరుస్తూనే "చిన్నది ఏం చేస్తుంది, చూపియ్" అంటే వీడు అలిగి మూలకు పోతాడు, అక్కడ ఆయనకు తెలియదు, ఇక్కడ బతిమాలేది మనం.

31. బుధ, శనివారాల్లో టీకాలు. ఆరు, పది, పద్నాలుగు వారాల సూదులకు టీకాల కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫోన్‌లో ఫోటో కూడా తీసుకోండి. పెద్దోడికి అయిదేళ్ల బూస్టర్ ఉంటే అదే రోజు వేయించండి. ముందు వాడికి వేయించాలి, చెల్లె ఏడుపు విన్నాక వాడు చెయ్యి చాపడు.

32. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుం లేదు, పేరు తర్వాత ఏడాదిలోపు ఎక్కించుకోవచ్చు. 2023 అక్టోబర్ నుంచి పుట్టిన పిల్లలకు బడికైనా ఆధార్‌కైనా ఆ జనన పత్రమే ముఖ్యం, నాలుగు జిరాక్సులు తీసి పెట్టండి.

33. ఆధార్ సెంటర్‌కు ఇద్దరినీ ఒకే రోజు తీసుకుపోండి. అయిదేళ్లలోపు పిల్లకు వేలిముద్రలు అక్కర్లేదు, అయిదు నిండిన పెద్దోడికి వేలిముద్రలు కొత్తగా ఎక్కించాలి. ఒక్క ఆటో కిరాయితో రెండు పనులు.

34. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు జీరో టికెట్ కదా, ఆధార్ కార్డు ఎక్కడో సంచి అడుగున కాకుండా పెద్దోడి చిన్న బ్యాగు ముందు జేబులో పెట్టండి. చంకలో పిల్లతో మీరు వెతుక్కునే బదులు కండక్టర్‌కు వాడే చూపిస్తాడు, వాడికదో గొప్ప.

35. వేములవాడలో పుట్టువెంట్రుకలు తీయించాలనుకుంటే సోమవారం, శివరాత్రి రోజులు వదిలేయండి, లైన్లో నిలబడే బాధ తగ్గుతుంది. కొత్త బ్లేడు వేయమని అడగండి, నూలు టోపీ వెంట ఉంచుకోండి. గుండు గీసేటప్పుడు పెద్దోడిని ఎదురుగా నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తే చిన్నది వాడినే చూస్తూ కదలదు.

36. బాసరలో పెద్దోడి అక్షరాభ్యాసానికి వసంత పంచమే కానక్కర్లేదు, మిగతా రోజుల్లోనూ చేస్తారు. పసిపిల్లతో ఆ రద్దీలో తోసుకోకుండా మామూలు రోజున వెళ్తే సరస్వతమ్మ ఏమీ అనుకోదు.

37. సద్దుల బతుకమ్మ నాడు పెద్దోడికి గునుగు పూలు కట్టలు కట్టే పని ఇచ్చేస్తే గంటసేపు కదలడు. ఆటకు పోయినప్పుడు పిల్లను మైకు సెట్లకు దూరంగా, అమ్మమ్మ ఒళ్లో ఉంచండి.

38. నిర్మల్ బొమ్మలు పొణికి చెక్కవి, తేలికే కానీ రంగులు వేసినవి. నోట్లో పెట్టుకునే వయసు దాటేదాకా అవి పెద్దోడి అల్మారాలోనే, తాళంచెవి కూడా వాడి దగ్గరే. ఇంట్లో తనదంటూ ఒకటి ఉందన్న ధీమాతో మిగతా బొమ్మలు వాడే చెల్లెకు పంచుతాడు.

39. గోళ్లు పిల్ల గాఢనిద్రలో ఉన్నప్పుడు తీయండి. పెద్దోడివి టీవీ ముందు.

40. విరేచనాలు పట్టుకుంటే ఆశ అక్క దగ్గర ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింక్ గోళీలు ఉచితం. విరేచనాలు తగ్గినా జింక్ పద్నాలుగు రోజులూ వేయాలి, పాలు ఆపొద్దు. పిల్ల డీలాపడినా, ఉచ్చ తగ్గినా ఇంటి వైద్యం పక్కనపెట్టి దవాఖానకు పోండి.

41. కరీంనగర్ టవర్ సర్కిల్‌కు బట్టలకు పోతే దుకాణాలు తెరిచే వేళకే పోండి, రద్దీ ఉండదు, బేరమూ కుదురుతుంది. చిన్నదానికి ఒక సైజు పెద్దవే కొనండి, పెద్దోడికి మాత్రం సరిగ్గా సరిపోయేవి, వాడికి నచ్చిన రంగులో. ఎలాగూ ముందుముందు అవి చెల్లెకే వస్తాయి.