ఒకే ప్రోగ్రాము – ఎవరి పెట్టె వారిదే

హాస్టల్లో గది అందరిదీ. కాని ఎవరి ట్రంకు పెట్టె వారిదే, ఎవరి తాళంచెవి వారిదే. కంప్యూటర్లో ఇలాంటి ఏర్పాటునే మల్టీ టెనెన్సీ అంటారు. టెనెంట్ అంటే అద్దెకున్నవారు. ప్రోగ్రాము ఒకటే, రికార్డులు ఎవరివి వారివే.

మన రాష్ట్రంలోని ఉదాహరణే చూద్దాం. 2003లో ఏర్పడిన ఈ-గవర్నమెంట్స్ ఫౌండేషన్ వారి సాఫ్ట్‌వేర్‌ను మన పట్టణాల ఇంటిపన్ను వంటి పనులకు వాడారు. కాకినాడకు ఒక వెబ్ చిరునామా, రాజమహేంద్రవరానికి మరొకటి. వెనుక నడిచే ప్రోగ్రాము ఒకటే. ఒక్కో ఊరి లెక్కలు ఒక్కో స్కీమాలో, అంటే డేటాబేసులోని విడి అరలో, ఉండేవి.

ఊరికొక డేటాబేసే పెట్టవచ్చు కదా? పెట్టవచ్చు. కాని ఒక్కోదానికి 10 కనెక్షన్లు చొప్పున 100 ఊళ్ళకు 1000 కావాలి. పోస్ట్‌గ్రెస్ మామూలుగా అనుమతించేది 100 మాత్రమే. స్కీమాలైతే ఉన్న కనెక్షన్లనే అందరూ వంతులవారీగా వాడుకోవచ్చు.

రిక్వెస్టు వచ్చినప్పుడు జరగవలసిన వరుస ఇది:

1. అది ఏ చిరునామాకు వచ్చిందో చూడాలి.
2. ఆ చిరునామా ఏ టెనెంటుదో జాబితాలో వెతకాలి. దొరకకపోతే అక్కడే ఆపాలి, ఏదో ఒకదానికి పంపకూడదు.
3. లాగిన్ అయిన మనిషికి ఆ టెనెంటు రికార్డులు చూసే హక్కు ఉందో లేదో సరిచూడాలి.
4. టెనెంటు పేరు గుర్తుంచుకొని, కనెక్షన్‌ను ఆ స్కీమా వైపు తిప్పాలి.
5. పని కాగానే, మధ్యలో తప్పు వచ్చినా సరే, ఆ గుర్తు చెరిపేయాలి.

మేము బోర్లాపడింది ఇక్కడే. పీజీ ప్రాజెక్టుగా మూడు హాస్టళ్ళ స్కాలర్‌షిప్ రిజిస్టరు తయారుచేశాము. ఒక పేజీలో నాలుగో మెట్టు మరిచాము. ఐదోది అసలు రాయనేలేదు. సర్వర్లో ఒక రిక్వెస్టు ముగించిన థ్రెడ్డే తర్వాతి రిక్వెస్టునూ అందుకుంటుంది. పాత గుర్తు దానిలోనే ఉండిపోయింది. బాలుర హాస్టల్ పేజీ తెరిస్తే బాలికల హాస్టల్ జాబితా వచ్చింది!

అవి పరీక్ష కోసం మేము రాసుకున్న ఉత్తుత్తి పేర్లు కాబట్టి సరిపోయింది. నిజమైనవైతే ఒక చెల్లెలి కులం, ఇంటి ఆదాయం, బ్యాంకు ఖాతా నంబరు పరాయివారి కంట పడేవి. స్కాలర్‌షిప్ మీద చదివి ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చిన మాకు ఆ వివరాల బరువు తెలుసు. ఆ రాత్రే అన్ని పేజీలకూ ఒకే గుమ్మం పెట్టి, ఆ ఐదు మెట్లూ అక్కడే రాశాము.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రేపు మీరూ ప్రోగ్రాములు రాస్తారు. ఒక్కరిగా కాదు, ఇద్దరు వేర్వేరు మనుషులుగా లాగిన్ అయి పరీక్షించండి. పక్కవాడి పెట్టె తెరుచుకోకపోతేనే మీ పని పూర్తయినట్టు.