పక్కపక్కన, ఎదురెదురుగా

పిల్లలూ! ఉంగరాలు చేసే ప్లాటినం మందు కూడా అవుతుందని మీకు తెలుసా?

అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోసెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త, తన బృందంతో కలిసి, బ్యాక్టీరియా ఉన్న ద్రవంలోకి ప్లాటినం కడ్డీలతో కరెంటు పంపారు. బ్యాక్టీరియా రెండుగా విడిపోవడం మానేసి, సేమియాలా పొడుగ్గా పెరిగింది! మామూలు కంటే 300 రెట్ల వరకు! ఎందుకు? కరెంటు వల్ల కాదు. కడ్డీల నుంచి కొంచెం ప్లాటినం కరిగి, ద్రవంలోని అమ్మోనియాతో, క్లోరిన్‌తో కలిసింది. ఈ సంగతి 1965లో ప్రకటించారు.

ఇప్పుడు క్యారమ్స్ బల్ల గుర్తు తెచ్చుకోండి. నడుమ ప్లాటినం. నాలుగు మూలల్లో రెండు అమ్మోనియాలు, రెండు క్లోరిన్‌లు. అమ్మోనియాలు రెండూ పక్కపక్క మూలల్లో ఉంటే అది సిస్‌ప్లాటిన్. ఎదురెదురు మూలల్లో ఉంటే ట్రాన్స్‌ప్లాటిన్.

సిస్‌ప్లాటిన్ కణంలోని డీఎన్ఏను పట్టుకుంటుంది. అప్పుడు క్యాన్సర్ కణం రెండుగా విడిపోలేక చచ్చిపోతుంది. ట్రాన్స్‌ప్లాటిన్ మాత్రం మందుగా పనికిరాదు. సరుకు ఒకటే, కూర్చున్న చోటే వేరు!

1978లో అమెరికాలో ఈ మందుకు అనుమతి వచ్చింది. దీనివల్ల వాంతులు అవుతాయి, కొందరికి వినికిడి తగ్గుతుంది. అయినా ఎంతోమంది ప్రాణాలు నిలిచాయి.

కొత్త పదాలు
కడ్డీ – రాడ్
కణం – సెల్
అనుమతి – పర్మిషన్
వినికిడి – చెవితో వినే శక్తి

ప్రశ్నలు
1. బ్యాక్టీరియా ఎందుకు పొడుగ్గా పెరిగింది?
2. రెండు క్యారమ్స్ బల్లలు గీసి, సిస్, ట్రాన్స్ చూపించండి.
3. ‘పక్కపక్కన’, ‘ఎదురెదురుగా’ వాడి సొంత వాక్యాలు రాయండి.